ఆరబెట్టని గుడారం

(పాఠశాల స్వర్ణోత్సవాల రెండో రోజున, స్కౌటు దళానికి గుడారాలు అందజేసిన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను పరిచయం చేసిన మిత్రుడు నేను కట్టించిన కాలవల గురించీ, వంతెనల గురించీ చాలా గొప్పగా చెప్పాడు. అందులో సగం నా పై అధికారులకు చెందాలి, మిగతా సగం మేస్త్రీలకు చెందాలి. ఇక నాకు మిగిలేది ఈ మైకు ఒక్కటే. "పిల్లలకు స్ఫూర్తినిచ్చేలా నాలుగు మాటలు చెప్పండి" అన్నారు కమిటీవారు. పొద్దున్నుంచీ మీరు అలాంటి మాటలు చాలా విన్నారు. భోజనాల వేళ కూడా దగ్గర పడింది. అందుకని నేను ఒక వస్తువు గురించి మాట్లాడతాను. అదిగో, ఆ బల్ల మీద రెండు మూటలున్నాయి, చూడండి. నూలు కాన్వాస్ గుడారాలు. ఒక్కొక్క దాంట్లో ఎనిమిది మంది పిల్లలు పడుకోవచ్చు. వాటిలో ఒకటి మన సంఘం తరఫున ఇస్తున్నది. రెండోది నేను ఇస్తున్నది. ఇస్తున్నది అనడం కూడా సరికాదు. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

1981 నవంబరులో నేను తొమ్మిదో తరగతి. మన స్కౌటు మాస్టారు ఇరవై నాలుగు మంది పిల్లల్ని మూడు రోజుల క్యాంపుకి గుంటుపల్లి తీసుకెళ్లారు. మాస్టారి పేరు చెప్పక్కర్లేదు. ఈ హాల్లో నలభై దాటిన వాళ్లందరికీ ఆయన ఈల ఇంకా చెవుల్లోనే ఉంటుంది. గుంటుపల్లి మీలో చాలామంది చూసే ఉంటారు. కామవరపుకోట దగ్గర కొండ మీద బౌద్ధ గుహలు. అక్కడ రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యం ఒకటుంది. లోపలికెళ్లి తలెత్తి చూస్తే రాతి కప్పుకి వాసాలు చెక్కి ఉంటాయి. రాతి కప్పుకి వాసాలతో పనేముంది? కర్రతో, గడ్డితో వేసిన గుండ్రటి పాకలు ఎరిగిన చేతులు, రాతిలో కూడా అదే రూపం చెక్కాయి. రెండు వేల ఏళ్ల పైచిలుకు నాటి పని.

మాస్టారు మమ్మల్ని అక్కడ నిలబెట్టి అడిగారు. "ఒరేయ్, ఈ రాయి ఉంది. దీనికి మూలమైన ఆ పాకలేవిరా?"

"పాడైపోయాయి సార్" అన్నాం.

"మరి మన ఊళ్లో పాకలు ఇప్పటికీ ఉన్నాయిగా?"

మేం మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. "రాయిని వదిలేసినా ఉంటుంది. పాక అలా ఉండదు. ఏటేటా కప్పు నేయించుకుంటేనే ఉంటుంది. మనం మోసుకొచ్చిన గుడారం పాక జాతిది, రాయి జాతి కాదు. గుర్తుపెట్టుకోండి."

మేం గుర్తుపెట్టుకోలేదు. మా దృష్టంతా కొండ కింద ఉన్న మామిడిచెట్టు నీడ మీద ఉంది. మూటలు అక్కడ దించబోతే మాస్టారు వద్దన్నారు. "చెట్టు కింద పగలు బాగానే ఉంటుంది. గాలొస్తే కొమ్మ విరిగి పడుతుంది. వాన వెలిసినా చెట్టు ఇంకో గంట కురుస్తూనే ఉంటుంది" అన్నారు. వాగు ఒడ్డున మెత్తటి ఇసక చూపిస్తే అదీ వద్దన్నారు. పైన ఎక్కడో వాన పడితే వాగు మనకి చెప్పి రాదు. చివరికి కాస్త ఎత్తుగా, వాలుగా ఉన్న గరుసు నేల చూపించి రాళ్లు ఏరమన్నారు. గాలి ఎటు నుంచి వస్తోందో గుప్పెడు దుమ్ము ఎగరేసి చూసి, వాకిలి దానికి ఎదురుగా రాకుండా పెట్టించారు.

ఇప్పుడు పిల్లలు జాగ్రత్తగా వినండి, ఇది మీకు పనికొచ్చే భాగం. గుడారం వేసేటప్పుడు ముందు గుంజలు నిలబెట్టాలని అందరికీ తొందర. ముందు చేయాల్సింది కింద పట్టా పరిచి, వాకిలి తాళ్లు కట్టేసి, నాలుగు మూలలకీ మేకులు కొట్టడం. వాకిలి తెరిచి ఉంచి మూలలు బిగిస్తే, రాత్రి చలిలో ఎంత లాగినా ఆ రెండు రెక్కలూ కలవవు. మూలలు చదరంగా వచ్చాయో లేదో చూడ్డానికి టేపు అక్కర్లేదు. ఒక తాడుతో ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ రెండో వైపు మూల నుంచి మూలకి కొలవండి. ఎదురెదురు అంచులు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతే చదరం కుదిరినట్టే. నేను ఇంజనీరయ్యాక పునాదులకి మార్కింగు ఇచ్చినా మొదట చూసింది ఈ కర్ణాలనే. అది మొదట నేర్చుకుంది గుంటుపల్లిలో.

ఆ తర్వాత గుంజలు, వాటి మీద వెన్నుకర్ర. ఎదురెదురు పక్కతాళ్లను జంటలుగా బిగించాలి. ఒక పక్కే లాగితే గుంజ ఒరుగుతుంది. మేకు ఎంత దూరంలో కొట్టాలి? తాడు కట్టిన చోటు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, కిందికి వచ్చాక సుమారు అంత దూరంలో. అప్పుడు తాడు నలభై అయిదు డిగ్రీల వాలులో వస్తుంది. మేకు తల గుడారానికి అవతలి వైపు వాలి ఉండాలి. తాడు మేకు మెడ దగ్గర కాకుండా నేలకి ఆనుకుని ఉండాలి. పైన కడితే గాలి ఆ మేకుని గునపంలా వాడుకుని పెకిలిస్తుంది. గుడ్డ మీద ముడత వస్తే బలంగా లాగకండి. ముడత ఏ మూలకి చూపిస్తోందో చూసి ఆ మూల మేకు మార్చండి. మా గుడారంలో ఒక ముడత ఎంతకీ పోకపోతే మాస్టారు వచ్చి, మేం అరగంట లాగుతున్న తాడుని ముట్టుకోకుండా, ఎదుటి మూల మేకు జానెడు జరిపారు. ముడత పోయింది.

రెండో రాత్రి వాన పట్టుకుంది. చినుకు మొదలవగానే ఈల. అందర్నీ లేపి, "తాళ్లు వదులు చేయండి" అని కేకలు. వాన వస్తుంటే బిగించాలి గానీ వదులు చేయడమేమిటని మాకు అనుమానం. మీ ఇళ్లలో నులక మంచం వానలో తడిస్తే ఏమవుతుందో పెద్దవాళ్లని అడగండి. బిగుసుకుపోతుంది. నూలు పోగు నీళ్లు తాగితే లావెక్కుతుంది గానీ పొడవు పెద్దగా పెరగదు. పేనిన తాట్లో పోగులన్నీ లావెక్కేసరికి మెలిక బిగిసి, తాడు పొట్టిదవుతుంది. అప్పటికే బిగించి ఉన్న తాడు ఇంకా బిగిస్తే మేకు అయినా ఊడాలి, గుడ్డ అయినా చిరగాలి. మా పక్క గుడారం వాళ్లు బద్ధకించి లేవలేదు. తెల్లారేసరికి వాళ్ల గుడారానికి ఒక ఇత్తడి రింగు గుడ్డతో సహా ఊడి వచ్చేసింది.

ఆ లావెక్కడమే గుడారానికి ప్రాణం కూడా. కాన్వాస్ అంటే పడుగూ పేకా దగ్గరగా నేసిన నూలుగుడ్డే. పొడిగా ఉన్నప్పుడు పోగుల మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది, అందుకే లోపల ఉక్కపోత తక్కువ. తడిసినప్పుడు పోగులు ఉబ్బి ఆ సందులు మూసుకుంటాయి. నైలాన్ గుడారం తేలిక, ఒక చేత్తో మోయొచ్చు. కానీ దాని పోగు ఇలా ఉబ్బదు. పైన పూసిన పూత ఉన్నంతవరకే దానికి వాన ఆగుతుంది. ఆ పూత గాలిని కూడా ఆపేస్తుంది కాబట్టి, మన ఊపిరి తేమే తెల్లారేసరికి లోపల చెమ్మగా పట్టి కారుతుంది.

మరి కాన్వాస్ కారదా అంటే, ముట్టుకుంటే కారుతుంది. తడిసిన గుడ్డని లోపలి నుంచి వేలితో తాకితే, గుడ్డకి అంటుకుని నిలిచిన నీటికి మనమే దారి చూపించినట్టు. ఆ చోట చుక్కలు మొదలవుతాయి. ఆ రాత్రి నా తల గుడ్డకి తగిలి, సరిగ్గా నా దుప్పటి మీద చుక్క పడటం మొదలైంది. మాస్టారు టార్చిలైటుతో వచ్చి, చుక్క పడే చోట వేలు పెట్టి, కింద అంచుదాకా నెమ్మదిగా గీత గీసినట్టు లాగారు. చుక్క ఆగింది. నీళ్లు ఆ గీత వెంబడి జారి కిందికి పోయాయి. నాకు అది అప్పట్లో మంత్రంలాగే కనిపించింది.

మూడో రోజు వాన తగ్గీ తగ్గకుండానే మూటలు కట్టి, లారీ ఎక్కి, సాయంత్రానికి బడికి చేరాం. పొడిగా ఉన్నప్పుడు ఇద్దరం మోసిన మూటని తడిశాక నలుగురం దించాల్సి వచ్చింది. మాస్టారికి జ్వరం తగిలినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూడు గుడారాల్నీ ముగ్గురు పెట్రోల్ లీడర్లకి అప్పగించి, "వరండాలో తాడు కట్టి ఆరేసి వెళ్లండిరా. రేపూ ఎల్లుండీ కూడా ఎండకి వేసి, పూర్తిగా ఆరాకే మడవండి" అని చెప్పి ఇంటికెళ్లారు. ఆ ముగ్గురిలో నేనొకణ్ని.

ఆ రోజు ఏలూరులో కొత్త సినిమా. మా అన్నయ్య సైకిలు మీద గేటు దగ్గర ఎదురుచూస్తున్నాడు. నేను మూట విప్పలేదు. ఆటసామాన్ల గదిలో ఒక మూలకి దొర్లించి తలుపేశాను. మిగతా ఇద్దరూ తమ గుడారాలు ఆరేసుకున్నారు. సోమవారం మాస్టారు "ఆరబెట్టావా?" అని అడిగితే "ఆరబెట్టాను సార్, మడిచి లోపల పెట్టాను" అన్నాను. సాయంత్రం చేద్దాంలే అనుకున్నాను. ఆ సాయంత్రం కబడ్డీ ఉంది. మర్నాటికి మర్చిపోయాను.

మూడు వారాల తర్వాత ఆ గది తీస్తే వచ్చిన వాసన ఇప్పటికీ నాకు గుర్తే. గుడ్డంతా నల్లమచ్చలు. మడతల్లో బూజు. మాస్టారు రెండు వేళ్లతో పట్టి లాగితే అప్పడం విరిగినట్టు వచ్చేసింది. ఆయన ఎవర్నీ ఏమీ అనలేదు. నా వైపు చూడనైనా లేదు. నేను బతికిపోయాననుకున్నాను.

కొన్నాళ్లకి సుద్దముక్కల పెట్టె కోసం ఆఫీసుకి వెళ్తే గుమాస్తాగారు స్టాకు రిజిస్టరు తెరిచి ఏదో రాస్తున్నారు. గుడారం పేరున్న వరసలో "నా అశ్రద్ధ వలన పాడైనది" అని మాస్టారి చేతిరాత, కింద సంతకం. పక్కన లెక్క. నెలకి పాతిక రూపాయల చొప్పున పది నెలలు ఆయన జీతంలోంచి. నేను పెట్టె తీసుకుని క్లాసుకి వచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు కూడా గుడారం ఆరేయాలనుకున్న సాయంత్రం లాంటిదే అయింది. ఆ తర్వాతి క్యాంపుకి గుడారాలన్నింటికీ మాస్టారు నన్నే ఇన్‌చార్జిగా వేశారు. ఆయనకి సంగతి తెలియదు కాబట్టే వేశారనుకున్నాను.

పదకొండేళ్లు గడిచాయి. 1992లో నేను అసిస్టెంట్ ఇంజనీరుగా ఏజెన్సీలో ఒక సర్వే క్యాంపులో ఉన్నాను. లెవెలింగు పని. అయిదు నెలలు గుడారాల్లోనే కాపురం. మా చైన్‌మన్ ఒక పెద్దాయన. సర్వీసంతా గుడారాల్లోనే గడిపిన మనిషి. దబ్బనం, మైనం పట్టించిన దారం ఎప్పుడూ ఆయన సంచిలో ఉండేవి. చిన్న చిరుగు కనిపిస్తే ఆ రోజే అదే రకం గుడ్డముక్క వేసి కుట్టేసేవాడు. "చిరుగు చిన్నప్పుడు జానెడు దారం అడుగుద్ది బాబూ, పెద్దయ్యాక డేరానే అడుగుద్ది" అనేవాడు. కుట్టుల మీద తేనెమైనం రుద్దేవాడు. సబ్బు మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సబ్బు పెట్టి ఉతికితే, నీళ్లు పట్టకుండా గుడ్డకి ఎక్కించిన మందు కాస్తా పోయి, గుడారం తువ్వాలులా నీళ్లు పీల్చేస్తుంది. బురద అంటితే ఎండనిచ్చి బ్రష్షుతో దులపడం, మరీ అయితే మంచినీళ్లతో కడగడం, అంతే.

ఒకరోజు క్యాంపు మార్చాం. కొత్త చోట మూట విప్పబోతూ ఆయన ఒక కుర్ర కూలీని పట్టుకుని నిలదీశాడు. "ఆరబెట్టానన్నావు కదరా?" వాడు ఆరబెట్టానని ఒట్టేశాడు. పెద్దాయన మూట అంచు చూపించాడు. మడత లోపల బురద తడి మరకగా పేరుకుని ఉంది. "ఆరిన గుడ్డకి బురద ఇలాగుంటాదా? ఆరితే పొడైపోద్ది, దులిపితే రాలిపోద్ది. తడిగా మడిచిన దాన్లోనే మడతకి మడత అచ్చు పడుద్ది. దీన్ని చూసినోడెవడికైనా తెలుస్తాది."

నేను అక్కడే మడతకుర్చీలో కూర్చుని ఫీల్డ్‌బుక్ రాసుకుంటున్నాను. పెన్ను ఆగిపోయింది. మా గుడారం మడతల్లో గుంటుపల్లి ఎర్రబురద అచ్చులు అచ్చులుగా ఉండటం నాకు కళ్లకి కట్టింది. ఆ రోజు ఆటసామాన్ల గదిలో దాన్ని రెండు చేతులతో విప్పి చూసింది మాస్టారే. ఆయన ముప్ఫై క్యాంపులు చేసిన మనిషి. ఆయనకి మొదటి క్షణంలోనే తెలిసిపోయి ఉండాలి. ఎవరి మూటో తెలుసు. విప్పలేదనీ తెలుసు. నేను అబద్ధం చెప్పాననీ తెలుసు. అన్నీ తెలిసే "నా అశ్రద్ధ" అని రాశారు. అన్నీ తెలిసే మళ్లీ గుడారాలు నా చేతికిచ్చారు.

ఈసారి సెలవుకి వెళ్లి చెప్పేద్దామనుకున్నాను. క్యాంపు ముగిసి ఊరొచ్చేసరికి ఆయన లేరు. రెండు నెలల క్రితమే పోయారని మా అమ్మ చెప్పింది. ఉత్తరం రాసిందట, ఏజెన్సీలో నాకు అందలేదు. అందుకని ఈ మాట ఆయనకి చెప్పలేకపోయాను. నలభై మూడేళ్ల తర్వాత ఇవాళ మీ అందరికీ చెబుతున్నాను. ఆ రెండో మూట నేను ఇస్తున్నది కాదని మొదట అన్నది ఇందుకే. అది ఈ బడికి నేను బాకీ ఉన్న గుడారం.

పిల్లలూ, వాన కురిసినంత మాత్రాన గుడారం పాడవదు. వానలో ఉండటానికే దాన్ని చేశారు. పాడయ్యేదంతా వాన వెలిశాక, మనం ఇంటికొచ్చేశాక, మూటలోనే. నూలు అంటే మొక్క నుంచి వచ్చిన సరుకు, బూజుకి అది తిండి. మన కోస్తా ఉక్కలో తడి మూట ఒకటి రెండు రోజులకే వాసన మొదలెడుతుంది. దారిలో తడిగానే మడవాల్సి వస్తే తప్పు లేదు. ఇంటికి చేరిన వెంటనే విప్పాలి. గుడ్డ ఆరినట్టే ఉంటుంది గానీ కుట్టుల దగ్గర, తాళ్ల మొదళ్లలో, నేలకి తగిలే అంచులో తడి దాగి ఉంటుంది. అక్కడ చేత్తో పట్టి చూడండి. మడిచేటప్పుడు ప్రతిసారీ పాత మడత మీదే మడవకండి, అక్కడే గుడ్డ అరుగుతుంది. మేకులు గుడ్డతో కలిపి చుట్టకండి, వేరే సంచిలో పెట్టండి. నేల మీద పెడితే చెదలు, గోడకి ఆనిస్తే చెమ్మ. చెక్కబల్ల మీద పెట్టి, ఎలకలు దూరకుండా చూసుకోండి. లోపల దీపం, పొయ్యి ఎప్పుడూ వద్దు. గుడ్డ అంటుకోవడం ఒక్కటే ప్రమాదం కాదు. మూసిన గుడారంలో బొగ్గుల కుంపటి పెడితే వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గుడారాలతో పాటు ఒక నోటుబుక్ కూడా ఇస్తున్నాను. గీతలు నేనే గీశాను. ఎవరు తీసుకెళ్లారు, ఎక్కడ వేశారు, వాన పడిందా, ఏ తేదీన ఆరబెట్టారు, ఎవరు పట్టి చూశారు. చివరి గడిలో సంతకం. ఆరబెట్టకపోతే "ఆరబెట్టలేదు" అని రాయండి. ఆ మాట ఆ రోజే చెబితే ఇంకొకరెవరైనా వెళ్లి ఆరేస్తారు, గుడారం దక్కుతుంది. నేను ఆ సోమవారం నిజం చెప్పి ఉంటే మాస్టారు తిట్టేవారు, ఇద్దరం కలిసి దాన్ని ఎండకి వేసేవాళ్లం. ఇంకా ఒక్కరోజే అయింది కదా, బతికేదేమో.

ఇంకొక్క పని ఉంది. కొత్త కాన్వాస్ మొదటి వానకి కుట్టు రంధ్రాల దగ్గర కాస్త కారుతుంది. గుడ్డా దారమూ ఒకసారి బాగా తడిసి ఆరితే ఉబ్బి సర్దుకుంటాయి. రెండుసార్లు చేస్తే ఇంకా మంచిది. రేపు ఆదివారం. స్కౌటు పిల్లలంతా ఉదయం ఎనిమిది గంటలకి బకెట్లతో గ్రౌండుకి రండి. రెండు గుడారాలూ వేసి, బోరు నీళ్లతో తడుపుదాం. తాళ్లు వదులు చేయడం ఎందుకో అప్పుడు మీ చేతులకే తెలుస్తుంది. నా బ్యాచ్ వాళ్లు కూడా రండి, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి కుర్చీలు వేయిస్తాను.

అవి ఆరేసరికి సాయంత్రమవుతుంది. మబ్బు పడితే సోమవారం కూడా పట్టొచ్చు. నా తిరుగు టిక్కెట్టు మంగళవారానికి మార్చుకున్నాను. ఈసారి ఆరబెట్టి, మడిచి, ఆ నోటుబుక్‌లో మొదటి సంతకం పెట్టి వెళ్తాను.